యుద్ధ ఖజానా: పోరాడే మిత్రదేశానికి ఆర్థిక సాయం ఎందుకు

యుద్ధం మొదలైన రోజు నుంచే దేశ ఖజానాకు రెండు వైపులా గండి పడుతుంది. ఫ్యాక్టరీలు మూతపడతాయి, రేవులకు ఓడలు రావు, పన్ను కట్టేవాళ్లలో కొందరు సైన్యంలో చేరతారు, కొందరు ఊళ్లు వదిలిపోతారు. రాబడి పడిపోతుంది. అదే సమయంలో సైనికుల జీతాలు, ఇంధనం, మందులు, నిరాశ్రయుల పోషణ అంటూ ఖర్చు పెరుగుతుంది. ప్రభుత్వం మామూలు రోజుల్లో చేసే పనులేవీ ఈలోగా ఆగడానికి వీల్లేదు. బడికి టీచరు రావాలి, ఆసుపత్రిలో నర్సు ఉండాలి, ముసలివాళ్లకు వేళకు పింఛను అందాలి, రైళ్లు తిరగాలి, తెగిన కరెంటు తీగలు బాగుచేసేవాళ్లకు కూలి ముట్టాలి. వీటిలో ఏది ఆగినా ఆ కుదుపు సరిహద్దులోని సైనికుడి దాకా వెళ్తుంది. ఇంటి దగ్గర తల్లికి పింఛను రాలేదని, పిల్లలకు పాలు కొనలేకపోతున్నారని తెలిసిన సైనికుడు కందకంలో ఎంతకాలం నిలబడతాడు?

ఆదాయానికీ ఖర్చుకూ మధ్య పడే ఈ లోటును పూడ్చడానికి యుద్ధంలో ఉన్న ప్రభుత్వానికి సొంతంగా మూడు దారులున్నాయి. పన్నులు పెంచవచ్చు, సొంత ప్రజల దగ్గర అప్పు చేయవచ్చు, కేంద్ర బ్యాంకు చేత నోట్లు అచ్చు వేయించవచ్చు. కుంగిన ఆర్థిక వ్యవస్థలో మొదటి రెండు దారులూ త్వరగానే మూసుకుపోతాయి. మూడోది ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అందుకే అది ప్రమాదకరం. సరుకు తగ్గిన బజారులోకి నోట్లు ఎక్కువ వస్తే ధరలు పెరుగుతాయి. ఆ పెరుగుదల కూడా ఒక రకం పన్నే. శాసనసభ ఆమోదం అక్కర్లేని ఆ పన్ను భారం రోజు కూలీ మీద, పింఛనుదారు మీద, నెల జీతగాడి మీద పడుతుంది. బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1940లో 'హౌ టు పే ఫర్ ద వార్' అనే చిన్న పుస్తకం రాసింది ప్రధానంగా ఈ అన్యాయాన్ని తప్పించే మార్గం చూపడానికే.

దీనికి తోడు విదేశీ మారకం కొరత ఉంటుంది. ప్రభుత్వం సొంత ప్రజల మీద ఎంత పన్ను వేసినా వచ్చేది సొంత కరెన్సీయే. పెట్రోలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మందులు, ఎరువులు కొనడానికి డాలర్లో యూరోలో కావాలి. ఎగుమతులు ఆగిపోయిన దేశానికి అవి ఎక్కడి నుంచి వస్తాయి? మిత్రదేశాలు పంపే ఫిరంగులు, క్షిపణులు ఈ రెండు లోట్లలో దేన్నీ పూడ్చవు. ఒక్కోసారి పెంచుతాయి కూడా. వచ్చిన ట్యాంకుకు డీజిల్ పోయాలి, దాన్ని నడిపేవాడికి జీతం ఇవ్వాలి, దాన్ని మోసుకెళ్లే రైలు మార్గం చెక్కుచెదరకుండా ఉండాలి. ఆర్థిక సాయం అవసరం ఇక్కడ మొదలవుతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. ఏడేళ్ల యుద్ధంలో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ మూడు పెద్ద రాజ్యాలతో ఒకేసారి పోరాడుతుండగా, 1758 ఏప్రిల్ ఒప్పందం ప్రకారం బ్రిటన్ అతనికి ఏడాదికి 6,70,000 పౌండ్లు ఇచ్చింది. నెపోలియన్ కాలానికి ఇది బ్రిటన్‌కు స్థిరమైన విధానంగా మారింది. ఐరోపా నేల మీద పెద్ద సైన్యం నిలపలేని బ్రిటన్, సైన్యాలున్న ఆస్ట్రియా, రష్యా, ప్రష్యాలకు డబ్బు సమకూర్చింది. 1793 నుంచి 1815 వరకు అలా ఇచ్చిన మొత్తం ఆరున్నర కోట్ల పౌండ్లు దాటింది. 1814 మార్చిలో షోమాన్‌లో కుదిరిన ఒప్పందంలో లెక్క సూటిగా ఉంది: ఒక్కో రాజ్యం లక్షన్నర మంది సైనికులను రంగంలో ఉంచాలి, మిగతా మూడు రాజ్యాలకు కలిపి బ్రిటన్ ఆ ఏడాదికి 50 లక్షల పౌండ్లు ఇవ్వాలి. ఆ ఖర్చుల ఒత్తిడిలోనే ప్రధాని విలియం పిట్ 1799లో బ్రిటన్‌లో మొదటిసారి ఆదాయపు పన్ను తెచ్చాడు. సాయం చేసేవాడి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆ డబ్బు కట్టాలన్న సంగతి అప్పటికే అందరికీ అర్థమైంది. అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి సాయపడిన ఫ్రాన్స్ అనుభవం ఇంకా కఠినమైనది. ఆ యుద్ధానికి వంద కోట్ల లీవర్లకు పైగా, ఎక్కువ భాగం అప్పు తెచ్చి, ఖర్చు పెట్టిన ఫ్రెంచి రాచరికం ఆ భారం నుంచి తేరుకోలేదు. 1789లో రాజు ఎస్టేట్స్ జనరల్ అనే ప్రతినిధుల సభను పిలవక తప్పని స్థితికి చేర్చిన కారణాల్లో ఆ అప్పులు ముఖ్యమైనవి.

మొదటి ప్రపంచ యుద్ధంలో సాయం అప్పు రూపం తీసుకుంది. ఫ్రాన్స్, ఇటలీ, రష్యాలకు బ్రిటన్ అప్పిచ్చింది. బ్రిటన్ న్యూయార్కులో జె.పి. మోర్గాన్ సంస్థ ద్వారా సరుకులు కొని, అక్కడే అప్పు తెచ్చింది. 1916 నవంబరులో అమెరికా ఫెడరల్ రిజర్వ్ బోర్డు, విదేశీ ప్రభుత్వాల స్వల్పకాలిక బిల్లులు కొనడంలో జాగ్రత్తగా ఉండాలని బ్యాంకులను హెచ్చరించగానే పౌండు మీద ఒత్తిడి పెరిగింది. 1917 వసంతానికి బ్రిటన్ చేతిలో డాలరు చెల్లింపులకు పనికొచ్చే ఆస్తులు కొన్ని వారాలకు సరిపడేంతే మిగిలాయి. ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. అమెరికా సైనికులు ఫ్రాన్స్‌కు పెద్ద సంఖ్యలో చేరడానికి ఏడాది పట్టింది గాని, డాలర్లు ఆ నెలలోనే కదిలాయి. మొదటి లిబర్టీ లోన్ చట్టం మిత్రదేశాలకు 300 కోట్ల డాలర్ల అప్పుకు అనుమతించింది. యుద్ధమూ దాని వెన్నంటి వచ్చిన కాలమూ కలిపి ఆ అప్పులు దాదాపు 1,000 కోట్ల డాలర్లకు చేరాయి.

ఆ అప్పుల కథ యుద్ధంతో ముగియలేదు. జర్మనీ పరిహారం కడితే ఫ్రాన్స్, బ్రిటన్ తమ బాకీలు తీర్చాలి, అవి తీరిస్తే అమెరికాకు డబ్బు చేరాలి. ఈ గొలుసు 1920లలో ఐరోపా రాజకీయాలను విషపూరితం చేసింది. 1923లో బ్రిటన్ 62 ఏళ్ల వాయిదాలకు ఒప్పుకుంది, 1934లో చెల్లింపు ఆపేసింది. ఆ ఏడాదే బాకీ ఎగ్గొట్టిన ప్రభుత్వాలకు అమెరికాలో కొత్త అప్పు పుట్టకుండా జాన్సన్ చట్టం వచ్చింది. అయిదేళ్ల తర్వాత హిట్లర్‌తో యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్ ముందు ఆ తలుపు మూసి ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలోనే భారతదేశానికి సంబంధించిన ఒక ఘట్టం ఉంది. దీన్ని చాలా చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంతో దాటేస్తాయి. బ్రిటన్ తరఫున భారత ప్రభుత్వం ఇక్కడ రూపాయల్లో ఖర్చు చేసేది, దానికి బదులు లండన్‌లో పౌండ్లు జమయ్యేవి. ఇక్కడి సిపాయి, రైతు, వ్యాపారి మాత్రం వెండి రూపాయి అడిగేవారు. వెండి చాలక ప్రభుత్వం 1917 నవంబరులో ఒక రూపాయి నోటు తెచ్చింది. 1918 తొలి నెలల్లో నోట్లు మార్చుకోవడానికి జనం బొంబాయి కరెన్సీ కార్యాలయం మీద పడ్డారు. వెండి నిల్వ అడుగంటితే ప్రభుత్వ నోటు మీద నమ్మకం పోతుంది, దానితో మెసపటేమియా దండయాత్రకు సాగే కొనుగోళ్లూ ఆగిపోతాయి. అమెరికా కాంగ్రెస్ ఆ ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి 20 కోట్ల ఔన్సుల వెండిని భారతదేశం కోసం బ్రిటన్‌కు అమ్మింది. ఒక దేశపు నాణేలు కరిగి మరో దేశపు నోట్లను నిలబెట్టాయి. యుద్ధంలో కరెన్సీ కూడా కాపాడుకోవలసిన కోటే అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. అదే భారతదేశం 1917లో బ్రిటన్‌కు 10 కోట్ల పౌండ్లు 'కానుక'గా ఇచ్చింది. ఆ నిర్ణయంలో దేశ ప్రజల మాట లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పాత అప్పుల పాఠాన్ని గుర్తుపెట్టుకుంది. 1940 డిసెంబరులో చర్చిల్ రాసిన సుదీర్ఘ లేఖ, ఇక నగదు చెల్లించి సరుకు కొనలేని రోజు దగ్గరపడిందని చెప్పింది. 1941 మార్చి 11న లెండ్-లీజ్ చట్టం అమల్లోకి వచ్చింది. అప్పివ్వడానికి బదులు సరుకే ఇవ్వడం, యుద్ధంలో ఖర్చయిపోయిన దానికి డబ్బు అడగకపోవడం దాని సారం. అయినా ఆ సాయం బేరం లేకుండా రాలేదు. చట్టం వచ్చిన నెలలోనే బ్రిటిష్ కంపెనీ కోర్టాల్డ్స్ తన అమెరికా విభాగం అమెరికన్ విస్కోస్‌ను, చేతిలో ఉన్నదంతా వాడుకున్నామని రుజువు చేయడం కోసం, చవగ్గా అమ్ముకోవలసి వచ్చింది. 1942 ఫిబ్రవరి ఒప్పందంలోని ఏడో అధికరణం సామ్రాజ్యంలోని వాణిజ్య రాయితీలను యుద్ధానంతరం సడలించాలని కోరింది.

లెండ్-లీజ్ మొత్తం దాదాపు 5,000 కోట్ల డాలర్లు. అందులో 3,100 కోట్లకు పైగా బ్రిటన్, దాని సామ్రాజ్యానికి, 1,100 కోట్లకు పైగా సోవియట్ యూనియన్‌కు చేరింది. ఈ సాయాన్ని విమానాలు, ట్యాంకుల జాబితాగా చూడటం అలవాటైపోయింది. అసలు బలం మిగతా జాబితాలో ఉంది. 1942 నాటికి సోవియట్ యూనియన్ తన సారవంతమైన పొలాల్లో పెద్ద భాగాన్ని జర్మన్ ఆక్రమణకు కోల్పోయింది. అమెరికా నుంచి 40 లక్షల టన్నులకు పైగా ఆహారం, దాదాపు 4 లక్షల జీపులు, లారీలు, 1,900కు పైగా రైలు ఇంజన్లు, విమాన ఇంధనం, బూట్లు వెళ్లాయి. రైలు ఇంజన్ల సంగతి మీద కాస్త ఆగాలి. సోవియట్ ఇంజన్ల కర్మాగారాలు ట్యాంకుల తయారీకి మళ్లాయి. యుద్ధ సంవత్సరాల్లో అక్కడ తయారైన కొత్త ఇంజన్లు చాలా కొద్ది. బయటి నుంచి ఇంజను రావడం వల్లే లోపల ట్యాంకు తయారైంది. ఇలా మిత్రుడు పంపిన సాధారణ సరుకు ఆయుధంగా మారింది. ఏ ఆర్థిక సాయమైనా పనిచేసే తీరు ఇదే: గ్రహీత తన కార్మికుడిని, తన పన్నును, తన కర్మాగారాన్ని పోరాటానికి మళ్లించుకునే వీలు దొరుకుతుంది. ఎర్ర సైన్యం తన రక్తంతో గెలిచిన యుద్ధాన్ని ఈ మాట తక్కువ చేయదు. గెలుపుకు వాళ్లు చెల్లించిన మూల్యానికి ఏ సాయమూ సాటిరాదు.

1945 ఆగస్టులో జపాన్ లొంగగానే అధ్యక్షుడు ట్రూమన్ లెండ్-లీజ్‌ను ఒక్కసారిగా ఆపేశాడు. యుద్ధం గెలిచిన బ్రిటన్ దిగుమతులకు డబ్బు లేక నిలబడింది. కీన్స్ వాషింగ్టన్ వెళ్లి మూడు నెలలు బేరమాడి 375 కోట్ల డాలర్లు రెండు శాతం వడ్డీకి తెచ్చాడు. పౌండును డాలర్లలోకి స్వేచ్ఛగా మార్చుకోనివ్వాలన్నది షరతు. 1947 జులై 15న మారకం తెరిచారు, డాలర్లు వరదలా పోయాయి, అయిదు వారాలకే ఆగస్టు 20న మూసేశారు. ఆ అప్పు చివరి వాయిదా 2006 డిసెంబరులో కట్టారు. సాయం ఎంత అన్నదానితో పాటు అది ఎలా ముగుస్తుందన్నది కూడా ముఖ్యమని ఆ రెండేళ్లు చూపించాయి.

అదే యుద్ధానికి భారతదేశం ఇచ్చిన సాయాన్ని ఆ కాలపు బ్రిటిష్ పత్రాలు సాయమని పిలవలేదు. 1939 నవంబరు ఒప్పందం ప్రకారం దేశం వెలుపల భారత సైన్యం చేసే యుద్ధం ఖర్చును, ఇక్కడ బ్రిటన్ కొనే సరుకుల ధరను బ్రిటన్ భరించాలి. భరించిన పద్ధతి మాత్రం వేరు. లండన్‌లో భారత్ ఖాతాలో పౌండ్లు జమ చేసేవారు, యుద్ధం ముగిసేదాకా వాటిని స్వేచ్ఛగా వాడుకునే వీలు లేదు. ఆ పౌండ్ల హామీ మీద రిజర్వ్ బ్యాంకు ఇక్కడ నోట్లు అచ్చు వేసి సరుకులకు, సైన్యానికి చెల్లించేది. 1939లో 200 కోట్ల రూపాయల లోపు ఉన్న నోట్ల చెలామణి 1945 నాటికి 1,100 కోట్లు దాటింది. బజారులో సరుకు ఆ మేరకు పెరగలేదు. పైగా 1942 మార్చిలో రంగూన్ పడిపోవడంతో బర్మా బియ్యం ఆగిపోయింది. ఆ దెబ్బ తెలుగు తీరానికి నేరుగా తగిలింది. రంగూన్ రేవుల్లో, మిల్లుల్లో పనిచేసిన వేలాది తెలుగు కూలీలు అడవుల గుండా నడిచి, దొరికిన ఓడెక్కి తిరిగివచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి.

అన్నిటికన్నా ఘోరం బెంగాల్‌లో జరిగింది. 1943 కరువులో చనిపోయినవాళ్లు 15 లక్షలని అధికారిక విచారణ సంఘం లెక్కవేయగా, తర్వాతి పరిశోధకుల అంచనాలు 30 లక్షల దాకా వెళ్లాయి. పంట తగ్గడం కంటే యుద్ధ ఖర్చు రేపిన ధరలే పేదల నోటి కూడు లాక్కున్నాయని అమర్త్యసేన్ 1981లో వివరించారు. కలకత్తాలో యుద్ధ పరిశ్రమల్లో జీతం ఉన్నవాడు బియ్యం కొనగలిగాడు, పల్లెలో వ్యవసాయ కూలీ, పడవవాడు, జాలరి కొనలేకపోయారు. యుద్ధం ముగిసేసరికి లండన్‌లో భారత్ ఖాతాలో 130 కోట్ల పౌండ్లకు పైగా పేరుకున్నాయి. సంపన్న సామ్రాజ్యానికి బీద వలస దేశం బలవంతంగా ఇచ్చిన అప్పు అది. ఆర్థిక సాయం గురించి రాసే పాశ్చాత్య గ్రంథాలు లెండ్-లీజ్‌కు అధ్యాయాలు కేటాయించి దీన్ని అధోజ్ఞాపికలో పెట్టడం న్యాయం కాదు. నోట్ల ముద్రణతో యుద్ధం నడిపితే ఎవరు చనిపోతారో తెలియాలంటే చదవవలసింది ఈ అధ్యాయమే.

సాయం విలువ అది ఆగినప్పుడు కూడా తెలుస్తుంది. 1956లో సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఈజిప్టు మీద దాడి చేశాయి. రణరంగంలో బ్రిటన్ ఓడలేదు. పౌండు పతనమవుతుంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి నుంచి సొమ్ము తీసుకోవడానికి అమెరికా అడ్డుపడింది. నవంబరు 6న కాల్పుల విరమణ ప్రకటించారు. సైన్యాన్ని వెనక్కి తీసుకుంటామని బ్రిటన్ ఒప్పుకున్నాక, డిసెంబరులో నిధి 56 కోట్ల డాలర్లు ఇచ్చి, మరో 74 కోట్ల వరకు అందుబాటులో ఉంచింది. దీనికి కొన్నేళ్ల ముందు గ్రీసులో ఇందుకు వ్యతిరేక దిశలో జరిగింది. అంతర్యుద్ధంలో ఉన్న గ్రీసును ఆదుకునే శక్తి లేదని బ్రిటన్ చెప్పగా, 1947లో అమెరికా 30 కోట్ల డాలర్లు కేటాయించి ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టింది.

దక్షిణ వియత్నాం అనుభవం అంత సూటిగా లేదు. అక్కడ 1955 నుంచి వాణిజ్య దిగుమతుల కార్యక్రమం నడిచింది. అమెరికా ఇచ్చిన డాలర్లతో సైగాన్ వ్యాపారులు సరుకులు దిగుమతి చేసుకునేవారు, వాళ్లు కట్టిన స్థానిక కరెన్సీ ప్రభుత్వ ఖాతాలో చేరి సైన్యం జీతాలకు ఉపయోగపడేది. ధరలు కొంత అదుపులో ఉండేవి. కాగితం మీద చక్కని పద్ధతే. అయితే సైగాన్ వీధులు మోటారు సైకిళ్లతో నిండాయి గాని, పన్ను వసూలు చేసే యంత్రాంగం ఎదగలేదు. 1973లో చమురు ధర ఎగబాకి, 1974లో అమెరికా కాంగ్రెస్ సాయాన్ని కోసేసరికి, సైనికుడి జీతం ఇంటిల్లిపాదికి బియ్యం కొనడానికి చాలలేదు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. అఫ్ఘానిస్తాన్‌లో ఇదే దారి ఇంకా దూరం పోయింది. 2021కి ముందు ఆ ప్రభుత్వ వ్యయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు విదేశీ సాయమే. సైన్యం జాబితాలో మాత్రమే ఉండి, నిజానికి లేని సైనికుల పేర్లకు జీతాలు పోయేవి. 2021 ఆగస్టు 15న కాబూల్ పడ్డాక సాయం ఆగింది, కేంద్ర బ్యాంకు విదేశీ నిల్వలు స్తంభించాయి, బ్యాంకుల ముందు జనం బారులు తీరారు. ఈ రెండు ఉదాహరణలనూ సాయానికి వ్యతిరేక వాదంగా చూపేవాళ్లు ఒక తేడాను గమనించరు: రెండు చోట్లా సాయం దేశపు సొంత పన్నుకు తోడుగా కాకుండా దానికి బదులుగా నిలిచింది.

ఈ ప్రశ్నకు నేటి అతిపెద్ద పరీక్ష ఉక్రెయిన్. 2022 ఫిబ్రవరి 24న రష్యా దండయాత్ర మొదలైంది. ఆ ఏడాది ఆ దేశ స్థూల ఉత్పత్తి దాదాపు 29 శాతం కుంగింది. నల్ల సముద్రపు రేవులు మూతపడ్డాయి, మరియుపోల్ ఉక్కు కర్మాగారాలు పోయాయి, లక్షల మంది స్త్రీలు, పిల్లలు దేశం దాటారు. బడ్జెట్‌లో నెలకు సుమారు 500 కోట్ల డాలర్ల లోటు పడింది. యుద్ధం మొదలైన ఉదయమే కేంద్ర బ్యాంకు తన కరెన్సీ హ్రివ్నియాను డాలరుకు 29.25 దగ్గర బిగించి, విదేశాలకు డబ్బు పంపడాన్ని కట్టడి చేసింది. బ్యాంకింగ్ వ్యవస్థ మాత్రం ఆగలేదు. ప్రభుత్వం మార్చి 1 నుంచి యుద్ధ బాండ్లు అమ్మింది. మిత్రదేశాల మాటలు త్వరగా వచ్చాయి గాని డబ్బు ఆలస్యంగా వచ్చింది. మధ్యలో ఏర్పడిన ఖాళీని పూడ్చడానికి కేంద్ర బ్యాంకు ఆ ఏడాది 40,000 కోట్ల హ్రివ్నియాల ప్రభుత్వ బాండ్లు కొన్నది. అంటే ఆ మేరకు కొత్త డబ్బు పుట్టింది.

ఫలితం అంతకు ముందు శతాబ్దాల్లో చూసినదే. విదేశీ మారక నిల్వలు 2022 జులై చివరికి సుమారు 2,240 కోట్ల డాలర్లకు దిగాయి. జూన్‌లో వడ్డీ రేటును 25 శాతానికి పెంచారు, జులై 21న హ్రివ్నియా విలువను డాలరుకు 36.57కు తగ్గించారు. డిసెంబరుకు ద్రవ్యోల్బణం 26.6 శాతానికి చేరింది. ఆ తర్వాత చిత్రం మారింది. 2022లో దాదాపు 3,200 కోట్ల డాలర్లు, 2023లో 4,200 కోట్లకు పైగా విదేశీ సొమ్ము బడ్జెట్‌లోకి వచ్చింది. 2023లో ఐరోపా సమాఖ్య 1,800 కోట్ల యూరోలను దాదాపు నెలవారీ వాయిదాల్లో ఇచ్చింది. అంతర్జాతీయ ద్రవ్య నిధి పూర్తి స్థాయి యుద్ధంలో ఉన్న దేశానికి రుణ కార్యక్రమం ఇవ్వడానికి తన నిబంధనలు మార్చుకుని, మార్చి 31న నాలుగేళ్లకు 1,560 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ప్రభుత్వం కోసం నోట్ల ముద్రణ ఆగింది. 2023 డిసెంబరుకు ద్రవ్యోల్బణం 5.1 శాతానికి తగ్గింది. ఆ ఏడాది ఉత్పత్తి 5 శాతానికి పైగా పెరిగింది. 2024 చివరికి విదేశీ నిల్వలు 4,300 కోట్ల డాలర్లు దాటాయి. నగరాల మీద క్షిపణులు పడుతూనే ఉన్న దేశపు లెక్కలివి.

ఆ డబ్బు ఎక్కడికి పోయిందన్నది అంతే ముఖ్యం. మిత్రదేశాల బడ్జెట్ సాయాన్ని ఆయుధాలకు వాడకూడదన్నది షరతు. కాబట్టి ఉక్రెయిన్ తన సొంత పన్నులు, సొంత అప్పులను సైన్యానికి మళ్లించి, విదేశీ సొమ్ముతో పింఛన్లు, టీచర్ల జీతాలు, ఆసుపత్రులు, నిరాశ్రయుల భృతి నడిపింది. అమెరికా ఇచ్చిన సొమ్ములో పెద్ద భాగం ప్రపంచ బ్యాంకు నడిపిన 'పీస్' కార్యక్రమం ద్వారా వెళ్లింది. అందులో పద్ధతి, ప్రభుత్వం ముందు జీతాలు చెల్లించి, ఆ చెల్లింపులను చూపించాక సొమ్ము తిరిగి పొందడం. కాగితం మీద పింఛనుకూ ఫిరంగికీ మధ్య గోడ ఉంది. నిజానికి పింఛను భారం బయటివాళ్లు మోయడం వల్లే సొంత పన్ను సైనికుడికి చేరింది. సోవియట్ రైలు ఇంజన్ల తర్కమే ఇక్కడ హ్రివ్నియాల్లో పనిచేసింది. అయినా ఆ గోడ వృథా కాదు. తమ డబ్బు టీచరుకు చేరిందని చూపగలిగితేనే ఇచ్చే దేశాల్లో ప్రజాభిప్రాయం నిలుస్తుంది.

డబ్బు ఒక్కటే సాయం కాదు. 2022 జూన్‌లో ఐరోపా సమాఖ్య ఉక్రెయిన్ సరుకుల మీద సుంకాలు ఎత్తేసింది. ఐక్యరాజ్యసమితి, తుర్కియే మధ్యవర్తిత్వంతో 2022 జులై నుంచి ఏడాదిపాటు నడిచిన నల్ల సముద్ర ధాన్య ఒప్పందం దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నుల ధాన్యం, ఇతర ఆహార సరుకులు ఎగుమతి కానిచ్చింది. భారతదేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో యుద్ధానికి ముందు పెద్ద భాగం ఉక్రెయిన్‌దే. ఆ నూనెతోనే వంట సాగే తెలుగు ఇళ్లలో 2022లో పెరిగిన ధరకు ఒక కారణం ఆ రేవులు మూతపడటమే. ఎగుమతి దారి తెరవడం వల్ల వచ్చే డాలరుకు వడ్డీ లేదు, తిరిగి కట్టే వాయిదా లేదు. అందుకే ఇది సాయాల్లోకెల్లా ఆరోగ్యకరమైనది. దీనికీ ఒక మూల్యం ఉంది. 2023లో చవక ఉక్రెయిన్ గోధుమ తమ బజారులోకి వచ్చి ధర పడగొడుతోందని పోలండ్ రైతులు రోడ్డెక్కారు. వాళ్ల ఫిర్యాదు అబద్ధం కాదు. మిత్రుడికి చేసే సాయం భారం తమ రైతుల్లో ఒక వర్గం మీదే పడకుండా చూడటం సాయం చేసే ప్రభుత్వం బాధ్యత.

సాయం అనిశ్చితంగా వస్తే ఏమవుతుందో 2024 ఆరంభం చూపింది. 2023 డిసెంబరులో 5,000 కోట్ల యూరోల ఐరోపా ప్యాకేజీని హంగరీ అడ్డుకుంది, అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు ఆగిపోయింది. ఫిబ్రవరి 1న ఐరోపా నిర్ణయం వచ్చేదాకా, ఏప్రిల్‌లో అమెరికా చట్టం వచ్చేదాకా కీవ్ సర్కారు దేశీయ బాండ్లతో నెట్టుకొచ్చింది. నెలనెలా వచ్చే వంద కోట్లకూ, ఎప్పుడొస్తాయో తెలియని పన్నెండు వందల కోట్లకూ తేడా చాలా ఉంది. డబ్బు వస్తుందన్న నమ్మకం ఉంటే కేంద్ర బ్యాంకు ధరలను అదుపు చేయగలదు, వ్యాపారి సరుకు దాచుకోడు, కుటుంబాలు డాలర్ల కోసం పరుగెత్తవు. నమ్మకం పోతే డబ్బు రాకముందే నష్టం జరిగిపోతుంది.

సాయానికి వ్యతిరేకంగా వినిపించే వాదాల్లో అవినీతి మొదటిది. అది ఊహ కాదు. 2023 జనవరిలో ఉక్రెయిన్ సైన్యానికి కొన్న ఆహారం ధరల మీద కుంభకోణం బయటపడింది, ఆ సెప్టెంబరులో రక్షణ మంత్రి మారాడు. 2025 జులైలో అవినీతి నిరోధక సంస్థల స్వతంత్రతను కుదించే చట్టం వస్తే, యుద్ధం మధ్యలోనే కీవ్ యువత వీధుల్లోకి వచ్చింది. ఐరోపా ఒత్తిడి కూడా తోడై, పదిరోజులు తిరగకుండానే పార్లమెంటు ఆ అధికారాలను పునరుద్ధరించింది. షరతులతో వచ్చే సాయం ప్రజల పక్షాన పనిచేయగలదనడానికి ఇది మంచి ఉదాహరణ. రెండో వాదం, సాయం యుద్ధాన్ని పొడిగిస్తుందన్నది. పోరాడాలా వద్దా అన్నది దాడికి గురైన ప్రజలు తేల్చుకునే విషయం. సాయం ఆపితే యుద్ధం ఆగుతుందన్న హామీ ఏదీ లేదు. ధరలు పెరిగి, పింఛన్లు ఆగి, ఇంకా ఎక్కువ మంది దేశం వదలడం మాత్రం ఖాయం. మూడోది ఇచ్చే దేశాల పౌరుల ప్రశ్న: మన బడులకు, ఆసుపత్రులకు లేని డబ్బు వాళ్లకెందుకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి బెదిరింపులతో, గొప్ప మాటలతో కాకుండా లెక్కలతో జవాబు చెప్పాలి. ఆదాయపు పన్ను తెచ్చిన పిట్ ఆ జవాబును పార్లమెంటు ముందు పెట్టవలసి వచ్చింది, నేటి ప్రభుత్వాలు కూడా తప్పించుకోలేవు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న అప్పుది. ఉక్రెయిన్‌కు వచ్చిన సొమ్ములో అమెరికా ఇచ్చిన దానిలో ఎక్కువ భాగం గ్రాంటు, ఐరోపా ఇచ్చిన దానిలో ఎక్కువ భాగం దీర్ఘకాలపు చవక అప్పు. 2024 చివరికి ఆ దేశ ప్రభుత్వ రుణం స్థూల ఉత్పత్తిలో 90 శాతం దరిదాపులకు చేరింది. ప్రైవేటు బాండుదారులతో 2,000 కోట్ల డాలర్లకు పైగా బాకీని ఆ ఆగస్టులో పునర్వ్యవస్థీకరించుకోవలసి వచ్చింది. 2024 జూన్‌లో జి-7 దేశాలు కొత్త మార్గం వేశాయి. పశ్చిమ దేశాల్లో స్తంభింపజేసిన దాదాపు 30,000 కోట్ల డాలర్ల రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తుల మీద వచ్చే లాభాలతో తీరేలా 5,000 కోట్ల డాలర్ల రుణం ఇవ్వాలని నిర్ణయించాయి. ఆ ఆస్తుల్లో అత్యధిక భాగం బెల్జియంలోని యూరోక్లియర్ దగ్గర ఉంది. గ్రహీత మీద భారం వేయని ఈ ఏర్పాటు, ఆ ఆస్తులు స్తంభించి ఉన్నంతకాలమే నిలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి, ఐరోపా కమిషన్, ఉక్రెయిన్ ప్రభుత్వం కలిసి వేసిన లెక్క ప్రకారం, ఆ తర్వాతి పదేళ్లలో పునర్నిర్మాణానికి 52,400 కోట్ల డాలర్లు కావాలి. యుద్ధకాలపు అప్పును నెత్తిన పెట్టుకున్న దేశం ఆ సొమ్ము తెచ్చుకోలేదు. 1920ల ఐరోపా, 1947 బ్రిటన్ ఈ సంగతి ఇప్పటికే రుజువు చేశాయి. కాబట్టి యుద్ధం సాగుతున్నప్పుడు మిత్రదేశపు జీతాలకు, పింఛన్లకు ఇచ్చే సొమ్ము గ్రాంటుగానే ఉండాలి, ఏడాదికి ఎంత, ఏ నెలలో అన్నది ముందే ప్రకటించాలి, యుద్ధం ముగిసిన రోజున దాన్ని ఆపేయకూడదు.